తమ్ముడికి తలగాయం, బీమా కంపెనీ స్వతంత్ర వైద్య పరీక్షకు పిలిచింది. ఎలా సిద్ధమవ్వాలి?

వానచినుకు:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. మా తమ్ముడికి రోడ్డు ప్రమాదంలో తలకు బలంగా దెబ్బ తగిలి ఏడాది దాటింది. కొన్నాళ్లు ఐసీయూలో ఉన్నాడు, మెదడు ముందు భాగంలో రక్తస్రావం అయిందన్నారు, ఆపరేషన్ దాకా పోలేదు. ఇప్పుడు నడుస్తాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు. బయటివాళ్లు ఎవరు చూసినా "పూర్తిగా కోలుకున్నాడే" అంటారు. ఇంట్లో ఉండేది మేం కాబట్టి అసలు సంగతి మాకు తెలుసు.

వాడు అకౌంట్స్ చూసేవాడు, ఫోన్ మాట్లాడుతూనే లెక్కలు సరిచూసేంత చురుకు. ఇప్పుడు పక్కన టీవీ మోగుతుంటే నేను చెప్పే మాట కూడా అందుకోలేడు. కరెంటు బిల్లు కట్టేసి, కట్టిన సంగతి మర్చిపోయి గంటలో మళ్లీ కట్టబోతాడు. బయటికి వెళ్దాం రెడీ అవ్వరా అంటే చొక్కా చేత్తో పట్టుకుని బీరువా ముందు అలాగే నిలబడిపోతాడు, తర్వాత ఏం చెయ్యాలో తోచదు. చిన్నదానికే భగ్గుమంటాడు, కాసేపటికి "నేనా? నేనెప్పుడు అరిచాను?" అంటాడు. ఎదురుగా ఎవరైనా కొత్తవాళ్లు కూర్చుంటే మాత్రం చక్కగా, మర్యాదగా, ఏ లోటూ లేనట్టు మాట్లాడతాడు.

ఇప్పుడు బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, వాళ్లు ఎంచుకున్న డాక్టర్ల దగ్గర ఇండిపెండెంట్ మెడికల్ ఎగ్జామినేషన్‌కు రావాలట. ఒక రోజు న్యూరాలజిస్టు, ఇంకో రోజు న్యూరోసైకాలజిస్టు (జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన ఎలా ఉన్నాయో పరీక్షించేవాళ్లు), ఆ రెండోది దాదాపు రోజంతా ఉంటుందని రాశారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. "మీకేమైనా ఇబ్బంది ఉందా" అని అడిగితే వీడు "ఏం లేదు సర్, బాగానే ఉన్నా" అనేస్తాడు, అది వాడి నోట్లో ఎప్పుడూ రెడీగా ఉండే మాట. ఇటు చుట్టాలేమో "కొంచెం ఎక్కువ చేసి చూపించమను, గుర్తు లేదు గుర్తు లేదు అని చెప్పమను" అంటున్నారు. నాకది నచ్చట్లేదు, కానీ ఉన్నది ఉన్నట్టు బయటపడకపోతే వాడి బతుకేంటి అని భయం. లోపల ఏం చేస్తారు, మేం ఏం తీసుకెళ్లాలి, నేను పక్కన ఉండొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పరీక్షగది:

నేను న్యూరోసైకాలజిస్టుని. ఇలాంటి పరీక్షలు బీమా కంపెనీలు అడిగితే చేశాను, గాయపడిన వాళ్ల తరఫు లాయర్లు అడిగితే కూడా చేశాను. ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. అక్కడ ఉండే డాక్టరు మీ తమ్ముడికి వైద్యం చేసే మనిషి కాదు. మందు రాయరు, సలహా ఇవ్వరు, రిపోర్టు కూడా మీ చేతికి కాకుండా అడిగిన వాళ్లకి పంపిస్తారు. మీరు చెప్పే మాటల్లో మామూలుగా డాక్టరు దగ్గర ఉండేంత గోప్యత ఉండదు, ఈ సంగతి వాళ్లే మొదట్లో చెప్పి సంతకం తీసుకోవాలి. డబ్బు ఇచ్చేది ఎవరైనా సరే అభిప్రాయం మాత్రం ఆ డాక్టరు సొంతంగా ఇవ్వాలన్నది దీని వెనకున్న ఉద్దేశం. అందరూ దానికి కట్టుబడతారని నేను హామీ ఇవ్వలేను కానీ, వెళ్లేముందే శత్రువుని చూసినట్టు చూడకండి, అది మాట్లాడే తీరులో తెలిసిపోతుంది.

చుట్టాలు చెప్పిన సలహా గురించి గట్టిగా చెప్తున్నా: వద్దు. ఎవరు చెప్పినా వద్దు. ఈ పరీక్షల్లో మనిషి నిజంగా ప్రయత్నిస్తున్నాడా లేదా అని చూసేవి కొన్ని విడిగా ఉంటాయి, కొన్నయితే మామూలు పరీక్షల లోపలే కలిసిపోయి ఉంటాయి. అవి ఏవో చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ సూత్రం చెప్పొచ్చు. రెండు జవాబుల్లో ఒకటి ఎంచుకోమని అడిగినప్పుడు, అసలేమీ గుర్తులేని మనిషి ఊరికే ఏదో ఒకటి చెప్పినా సుమారు సగం సరిపోతాయి. సగం కంటే బాగా తక్కువ వచ్చాయంటే సరైన జవాబు తెలిసే తప్పుది చెప్పాడని అర్థం. ఇంకొన్ని, చూడ్డానికి కష్టంగా కనిపిస్తాయి కానీ మెదడు బాగా దెబ్బతిన్నవాళ్లు కూడా తేలిగ్గా చేసేస్తారు. నటించేవాళ్లకు ఏది నిజంగా కష్టమో తెలియదు కదా, సరిగ్గా అక్కడ దొరుకుతారు. ఒక్కసారి "ప్రయత్నం నమ్మదగ్గదిగా లేదు" అని రిపోర్టులో పడిందంటే, మీ తమ్ముడికి ఉన్న అసలైన ఇబ్బందులు కూడా ఎవరూ నమ్మరు. నిజం ఉన్నవాడు ఉన్న నిజాన్నే పోగొట్టుకుంటాడు. (నొప్పి, నిద్రలేమి, విపరీతమైన అలసట వల్ల కూడా ఒక్కోసారి ఈ స్కోర్లు పడిపోతాయి, మంచి పరీక్షకుడు ఆ తేడా చూస్తాడు. కాబట్టి అలసిపోతే అలసిపోయానని అప్పుడే చెప్పాలి.)

లోపల జరిగేది ఏంటంటే, మొదట ఒకటి రెండు గంటలు మాటలు. చదువు, ఉద్యోగం, ప్రమాదం, ఇప్పటి రోజు ఎలా గడుస్తోంది. తర్వాత పరీక్షలు. అంకెలు చెప్తే అదే వరసలో చెప్పడం, తర్వాత వెనక నుంచి చెప్పడం. ఒక పదాల జాబితా చాలాసార్లు వినిపించి, అరగంట తర్వాత మళ్లీ అడగడం. బొమ్మ చూసి గీయడం. కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెల్ని వరసగా గీతతో కలపడం, ఆ తర్వాత ఒక అంకె ఒక అక్షరం చొప్పున మార్చి మార్చి కలపడం. ఈ రెండోదానిలో మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్లు తరచుగా తడబడతారు. ఇవన్నీ ఇంటర్నెట్‌లో వెతికి ప్రాక్టీసు చేయించకండి. ముందే చూసి ఉంటే స్కోరు పెరుగుతుంది, అప్పుడు నష్టపోయేది మీరే. అదే కారణంతో, ఈ మధ్య ఎక్కడైనా ఇలాంటి పరీక్షలు చేయించి ఉంటే తేదీతో సహా తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు మీ అసలు భయం. ముందుభాగం దెబ్బతిన్నవాళ్లు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కొక్క పనీ ఎదుటివాళ్లు చెప్తుంటే, గడియారం ఎదుటివాళ్లు చూస్తుంటే బాగానే చేసేస్తారు. ఎందుకంటే ఏది ముందు, ఏది తర్వాత, ఎప్పుడు ఆపాలి అన్న పని అంతా పరీక్షకుడే చేసిపెడుతున్నాడు. ఇంట్లో బీరువా ముందు ఆ పని చేసేవాళ్లు ఎవరూ లేరు, అందుకే అక్కడ ఆగిపోతున్నాడు. ఇది ఎప్పటినుంచో తెలిసిన విషయమే. 1991లో షాలిస్, బర్జెస్ అనే ఇద్దరు పరిశోధకులు తలగాయమైన ముగ్గురిని దుకాణాలున్న వీధికి తీసుకెళ్లి, ఫలానావి కొనాలి, ఫలానా సమాచారం కనుక్కోవాలి, ఫలానా టైముకి ఫలానా చోట ఉండాలి అని కొన్ని చిన్న పనులు, కొన్ని నియమాలు ఇచ్చారు. మామూలు పరీక్షల్లో దాదాపు అన్నిట్లో బాగానే చేసినవాళ్లు ఆ వీధిలో తప్పుల మీద తప్పులు చేశారు. అందువల్ల "స్కోర్లు నార్మల్ కాబట్టి పనికి పోవచ్చు" అని ఎవరైనా రాస్తే అది శాస్త్రం ప్రకారం కూడా సరిపోదు. ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పే మనిషి మాట ఫైల్లో ఉండి తీరాలి. ఆ మనిషి మీరే.

పరీక్షలు జరిగే గదిలోకి మామూలుగా మిమ్మల్ని రానివ్వరు, పక్కన సొంతవాళ్లు ఉంటే స్కోర్లు మారతాయి. కానీ మొదట జరిగే మాటల్లో మీతో విడిగా పది నిమిషాలు మాట్లాడమని ముందే ఉత్తరం రాసి అడగండి. నోటితో అడిగితే మర్చిపోతారు. రాసింది ఫైల్లో ఉంటుంది.

మళ్ళీమొదలు:

అక్కా, నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. నాకు కూడా తలగాయమే, మీ తమ్ముడంత పెద్దది కాదు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు, అయినా నెలల తరబడి వెలుతురు, శబ్దం భరించలేకపోయాను.

వెళ్లేవాళ్ల తరఫు నుంచి కొన్ని చెప్తా. ఆ డాక్టరు మిమ్మల్ని చూడ్డం గదిలో మొదలవ్వదు. వెయిటింగ్ హాల్లో ఎలా కూర్చున్నారు, ఫోన్ చూస్తున్నారా, ఫారం ఎవరు నింపారు, మెట్లు ఎలా ఎక్కారు, అన్నీ చూస్తారు, రాస్తారు కూడా. నా రిపోర్టులో "వెయిటింగ్ హాల్లో మొబైల్ హాయిగా చూసుకుంటున్నాడు" అని ఉంది. నేను చూసింది దారి మ్యాప్, ఇంటికి ఎలా పోవాలో గుర్తుండక. అది ఎవరూ అడగలేదు. అందుకే నా మాట, ఏదైనా చేయగలిగితే దానికి పట్టే ఖరీదు కూడా పక్కనే చెప్పాలి. "బండి నడుపుతావా" అంటే "నడుపుతాను" అని ఆపేయొద్దు. "దగ్గరికైతే నడుపుతాను, అరగంట దాటితే తల బరువెక్కుతుంది, ఆ తర్వాత సాయంత్రం అంతా పడుకోవాలి" అని చెప్పాలి. మనం మామూలుగా మొదటి ముక్క చెప్పి ఊరుకుంటాం. వాళ్లు రాసుకునేది ఆ మొదటి ముక్కే.

ఇంకోటి, ముందు రోజు నిద్ర. కళ్లజోడు. వినికిడి మిషన్ ఉంటే అది. రోజూ వేసుకునే మందులు రోజూ వేసుకున్నట్టే. ఎక్కువ దూరమైతే ముందు రోజే వెళ్లి ఆ ఊళ్లో ఉండండి, ప్రయాణం చేసి అలసిపోయి కూర్చుంటే గాయం వల్ల వచ్చిందేదో బస్సు వల్ల వచ్చిందేదో ఎవరికీ తేలదు. మధ్యలో బ్రేక్ అడగడానికి మొహమాటపడొద్దని తమ్ముడికి చెప్పండి. ఒకేరోజు మొత్తం చేయలేడనిపిస్తే రెండు రోజులకి విడగొట్టమని ముందే అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు.

అది అయ్యాక ఆ రోజు, మర్నాడు ఎలా ఉన్నాడో మీరు రాసి పెట్టండి. నేనైతే మర్నాడు మంచం దిగలేదు. లోపల కూర్చుని రోజంతా పరీక్ష రాశాడు కాబట్టి రోజంతా పనిచేయగలడు అని లెక్కేసేవాళ్లు ఉంటారు. మర్నాడు ఎలా ఉన్నాడో వాళ్లకు కనబడదు కదా. మీరు రాస్తేనే అది ఉంటుంది.

నిక్కచ్చి:

ఇదంతా ఎందుకండీ, వెళ్లకపోతే పోయేదేముంది? కంపెనీ పెట్టిన డాక్టరు కంపెనీ మాటే రాస్తాడు. మా బంధువు ఒకాయన వెళ్లాడు, ఇరవై నిమిషాలు చూసి "అంతా నార్మల్" అని రాసి పారేశారు.

పరీక్షగది:

నిక్కచ్చి గారూ, మీ బాధ అర్థమైంది, అలాంటి రిపోర్టులు నేనూ చూశాను. కానీ వెళ్లకపోతే చాలా పాలసీల్లో, చాలా కోర్టు కేసుల్లో చెల్లింపు ఆపేయడానికి అదే కారణమవుతుంది. పాలసీ కాగితం, ఉత్తరం రెండూ లాయరుకి చూపించకుండా మానేయమని ఎవరికీ చెప్పొద్దు.

ఇరవై నిమిషాల రిపోర్టుని ఎదుర్కొనే దారి వేరే ఉంది. మొదలైన టైము, అయిపోయిన టైము, ఏమేం చేయించారు, ఇవి బయటికి రాగానే రాసుకోవాలి. ఇలాంటి చోట్ల తరచుగా ఒక్క చిన్న స్క్రీనింగ్ పరీక్షతో సరిపెడతారు. ఉదాహరణకి 30 మార్కుల మోకా అనేది ఉంది, 2005లో వచ్చింది, పది నిమిషాల్లో అయిపోతుంది, 26 ఆ పైన వస్తే మామూలుగా నార్మల్ అంటారు. అది పెద్దవాళ్లలో మతిమరుపు తొలి దశని పట్టుకోవడానికి తయారుచేసింది. ఇప్పటిదాకా లెక్కలతో బతికిన, ఇంకా పనిచేసే వయసులో ఉన్న అకౌంటెంటు, ముందుభాగం దెబ్బతిన్నా సరే, అందులో 28 తెచ్చుకోవచ్చు. ఒక్క మోకా మీద ఆధారపడి "మెదడు పనితీరు నార్మల్" అని రాస్తే, పూర్తి స్థాయి న్యూరోసైకలాజికల్ పరీక్ష చేసిన వేరే నిపుణుడి అభిప్రాయంతో దాన్ని ప్రశ్నించొచ్చు. అందుకే ఎంతసేపు, ఏ పరీక్షలు అన్నది ముఖ్యం.

వానచినుకు:

చాలా చాలా థాంక్స్ అందరికీ. చదువుతుంటే కాస్త ధైర్యం వచ్చింది. ఇంకొన్ని అడుగుతా. వాడికి ఫిట్స్ రాకుండా మందు వాడుతున్నారు, అది వేసుకున్నాక మరీ చిరాగ్గా ఉంటాడు, పరీక్ష రోజు ఆపితే మంచిదా? ఇంకా డల్‌గా ఉంటున్నాడు, డిప్రెషనేమో అని డాక్టరు అన్నారు, అది చెప్తే "అంతా మనసులోనే ఉంది, మెదడులో ఏం లేదు" అంటారేమో అని చెప్పడానికి భయం. ఎమ్మారై కూడా పెద్దగా ఏం లేదు అని రాశారు మొన్న చేసినదాన్లో.

పునరావాసవైద్యం:

నేను తలగాయాల తర్వాత రిహాబిలిటేషన్ చూసే డాక్టర్ని. వరసగా కాకుండా ముఖ్యమైనది ముందు చెప్తా.

ఫిట్స్ మందు సొంతంగా ఆపొద్దు, ఒక్క డోసు కూడా. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. లెవెటిరాసెటామ్ వాడుతుంటే చిరాకు, కోపం దాని వల్ల కూడా రావచ్చు. టోపిరమేట్ అయితే మాటలు వెతుక్కోవడం, ఆలోచన మందగించడం తెస్తుంది. అందుకని చేయాల్సింది ఏంటంటే మందుల పేర్లు, డోసు, ఎప్పుడు మొదలుపెట్టారు, మొదలుపెట్టక ముందు మనిషి ఎలా ఉన్నాడు, ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వండి. పరీక్షకుడు ఏది గాయం వల్ల, ఏది మందు వల్ల అని విడదీయాలంటే ఈ తేదీలే ఆధారం. మందు మార్చాలా వద్దా అన్నది మీరు చూపించుకునే న్యూరాలజిస్టుతో విడిగా మాట్లాడండి, ఈ పరీక్షతో ముడిపెట్టకుండా.

డిప్రెషన్ దాచకండి. తలగాయం తర్వాత అది రావడం చాలా మామూలు, గాయం తెచ్చిన నష్టాల్లో దాన్నీ లెక్కపెడతారు. దాస్తే ప్రశ్నపత్రాల్లో ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు దాచారన్న మాట ఒకటి అదనంగా పడుతుంది. డిప్రెషన్ వల్ల వేగం, ఏకాగ్రత తగ్గుతాయి నిజమే. కానీ బీరువా ముందు నిలబడిపోవడం, అరిచిన సంగతి గుర్తులేకపోవడం, టీవీ శబ్దంలో మాట అందకపోవడం, ఇవి ముందుభాగం గాయంతో పొసగే లక్షణాలు. రెండూ ఉండొచ్చు. ఒకటుంటే ఇంకొకటి లేనట్టు కాదు.

ఎమ్మారై గురించి. ప్రమాదమైన రోజు సీటీలో కనిపించిన రక్తం ఏడాది తర్వాత కరిగిపోయి ఉంటుంది, కాబట్టి ఇప్పటి స్కాన్ శుభ్రంగా ఉంటే ఆశ్చర్యం లేదు. పైగా మెదడు లోపలి పొడవాటి నరాల తంతువులు కుదుపుకి సాగి తెగిపోయే గాయం ఒకటుంది, అది మామూలు సీటీలో తరచుగా కనిపించదు. ఇంటి గోడలు బాగున్నాయా అని చూస్తే లోపల వైరింగ్ సంగతి తెలియనట్టే. ఎస్‌డబ్ల్యూఐ అనే రకం ఎమ్మారైలో చిన్నచిన్న రక్తపు మచ్చలు తేలతాయి, అది చేశారో లేదో రిపోర్టులో చూడండి.

అసలైన బలం పాత కాగితాల్లో ఉంటుంది. అంబులెన్సు వాళ్లు, ఎమర్జెన్సీ వాళ్లు రాసిన మొదటి పేజీలు సంపాదించండి. వాటిలో మనిషికి స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు స్కోరు ఉంటుంది, 1974లో టీస్‌డేల్, జెన్నెట్ గ్లాస్గోలో రూపొందించింది, 3 నుంచి 15 దాకా. 13 నుంచి 15 అయితే స్వల్ప గాయం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకన్నా తక్కువ తీవ్రం. ఆ స్కోరు ఎప్పుడు తీశారో కూడా చూడాలి, మత్తుమందు ఇచ్చాకనో, గొంతులో గొట్టం వేశాకనో తీస్తే అది మెదడు సంగతి సరిగ్గా చెప్పదు.

దానికంటే నేను ఎక్కువ పట్టించుకునేది ఇంకోటి ఉంది. ప్రమాదం తర్వాత మళ్లీ రోజు వెంట రోజు కొనసాగే జ్ఞాపకం ఎప్పుడు మొదలైంది? కళ్లు తెరిచిన రోజు కాదు, మాట్లాడిన రోజు కూడా కాదు. ఐసీయూలో మిమ్మల్ని గుర్తుపట్టి మాట్లాడి ఉండొచ్చు, మర్నాడు అది గుర్తుండి ఉండదు. నిన్న ఎవరు వచ్చారో ఇవాళ చెప్పగలిగిన మొదటి రోజు ఏది, అది మీకు గుర్తుంటే రాయండి, నర్సుల నోట్సుతో సరిపోల్చండి. ప్రమాదం నుంచి ఆ రోజు దాకా ఉన్న కాలం ఒక రోజు దాటితే గాయం స్వల్పమైనది కాదన్నట్టు, వారం దాటితే తీవ్రమైనదిగా లెక్కేస్తారు. మీ తమ్ముడిని అడిగితే ఇంట్లో వాళ్లు చెప్పగా విన్నవన్నీ తన జ్ఞాపకాలే అన్నట్టు చెప్పేస్తాడు, పాపం అబద్ధం ఆడటం కాదు. అందుకే మీరు రాయాలి.

తను బాగానే ఉన్నానని అనడం కూడా గాయంలో భాగం కావచ్చు. తన లోటు తనకు తెలియకపోవడం ముందుభాగం గాయాల్లో బాగా చూస్తాం. ఒకే ప్రశ్నపత్రం రోగికి ఒకటి, ఇంట్లోవాళ్లకు ఒకటి ఇచ్చి రెండు జవాబుల మధ్య తేడా చూసే పద్ధతి ఉంది. అది చేయమని మీరు రాసే ఉత్తరంలో అడగండి.

ఇంకో చిన్న విషయం, వాసన. ముందుభాగం దెబ్బల్లో ముక్కు పైన ఉండే సన్నని నరాలు తెగిపోయి వాసన పోవడం తరచుగా జరుగుతుంది. హడావిడి పరీక్షల్లో దీన్ని వదిలేస్తారు. ఇంట్లో కళ్లు మూయించి కాఫీ పొడి, సబ్బు ఒక్కో ముక్కు రంధ్రం దగ్గర పెట్టి చూడండి. తెలియకపోతే మీ డాక్టరుకి చెప్పి రాయించండి, గాయం ఎక్కడ తగిలిందో అది కూడా ఒక సాక్ష్యం. గ్యాస్ లీకైతే తెలియని మనిషిని ఇంట్లో ఒంటరిగా వదలకూడదు కూడా. అలాగే విపరీతమైన అలసట ఉందా? మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు తగ్గడం వల్ల కూడా అలా ఉండొచ్చు, అది రక్తపరీక్షతో తెలుస్తుంది, దొరికితే వైద్యం కూడా ఉంది. ఈ పరీక్షకుడు అది చూడడు, మీ డాక్టర్ని అడగండి.

కోలుకోవడం గురించి ఒక మాట. రిపోర్టు అడిగేవాళ్లకి "ఇక పెద్దగా మారదు" అనే దశ వచ్చిందా లేదా అన్నది కావాలి, ఎందుకంటే లెక్క తేల్చేసుకోవచ్చు. మెదడు అంత త్వరగా లెక్క తేల్చదు. మొదటి ఆరు నెలల్లో వేగంగా, ఆ తర్వాత ఏడాది, రెండేళ్ల దాకా నెమ్మదిగా మారుతూ ఉంటుంది, కొందరిలో ఆ పైన కూడా. 2021లో అమెరికాలో ట్రాక్ టీబీఐ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన తలగాయాలైన వాళ్లలో ఏడాది నాటికి సగం మంది ఇంట్లో కొంత వరకైనా తమ పని తాము చేసుకునే స్థితికి వచ్చారు. వాళ్లలో చాలామంది మొదటి రెండు వారాల్లో అసలు ఆశ లేనట్టు ఉన్నవాళ్లే. కాబట్టి ఏడాదికే చివరి మాట చెప్తే, "మళ్లీ ఎప్పుడు చూడాలి" అన్నది కూడా రాయమని అడగడంలో తప్పులేదు.

వానచినుకు:

ఐసీయూలో రోజూ ఎవరెవరు వచ్చారో అమ్మ ఒక పుస్తకంలో రాసేది. ఇప్పుడే తీశాను. ఒకచోట "నిన్న మామయ్య వచ్చాడని వాడే చెప్పాడు" అని ఉంది, తేదీతో సహా. ఇలాంటిది పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఒకటే అనుమానం మిగిలింది. నేను రాసేది ఎలా రాయాలి? కోపం, ఏడుపు అన్నీ కలిసి వచ్చేస్తున్నాయి రాస్తుంటే. ఇంకా రిపోర్టు తప్పుగా వస్తే?

పరీక్షగది:

ఆ పుస్తకం ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, ఫొటో తీసిన కాపీలు ఇవ్వండి. రిహాబిలిటేషన్ డాక్టరు చెప్పిన, జ్ఞాపకం మళ్లీ మొదలైన ఆ రోజుకి అంతకన్నా మంచి ఆధారం ఇంట్లో దొరకదు.

రాయడం విషయానికి వస్తే, రెండు పేజీలు దాటనివ్వకండి. "చాలా మర్చిపోతున్నాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మీరు ఇక్కడ రాసిన బిల్లు సంగతి, బీరువా సంగతి అలాగే రాయండి, అవి చదవగానే నాకు మనిషి కళ్లముందు కనిపించాడు. ప్రతి ఒక్కదానికీ ముందు ఎలా ఉండేవాడు, ఇప్పుడు ఎలా, ఎంత తరచుగా, ఎవరు సాయం చేస్తే ఆ పని పూర్తవుతోంది, ఇవి చాలు. ఆ చివరిది చాలామంది రాయరు. పొద్దున్నే లేపి మందు చేతికిచ్చి, బట్టలు తీసి పెట్టి, ఫోన్‌లో అలారం పెట్టేది మీరైతే, బయటివాళ్లకి వాడు అన్నీ చేసుకుంటున్నట్టే కనిపిస్తాడు. మీరు చేస్తున్న పని రాయకపోతే అతని లోటు కనిపించదు. బాగున్నవి కూడా రాయండి. ఏది మెరుగైందో దాచకుండా చెప్పిన మనిషి మాటకే విలువ ఎక్కువ ఉంటుంది. పాత జీతం కాగితాలు, ఆఫీసువాళ్లు మెచ్చుకుంటూ పంపిన మెయిళ్లు, చదువు మార్కులు జత చేయండి. ఇప్పటి స్కోరు "సగటు" అని వచ్చినా, ముందు సగటు కంటే చాలా పైనున్న మనిషికి అది పెద్ద పతనమే, అది నిరూపించేవి ఈ కాగితాలే. పరీక్షలు ఏ భాషలో చేస్తారో కూడా ముందే కనుక్కోండి. అతను రోజూ ఆలోచించే భాషలో కాకపోతే, ఆ స్కోర్లు ఎవరితో పోల్చారో రాయమని అడగాలి.

సోషల్ మీడియాలో ఫొటోలు ఫైల్లో చేరడం మామూలే. ఏవీ తీసేయకండి, తీసేస్తే వేరే అనుమానం వస్తుంది. ఏదైనా వేడుకలో నవ్వుతూ దిగిన ఫొటో ఉంటే, ఆ రోజు ఎంతసేపు ఉన్నాడు, ఎప్పుడు తలపట్టుకుని వచ్చేశాడు అన్నది మీ రెండు పేజీల్లో ఉండనివ్వండి.

రిపోర్టు వచ్చాక, మీ లాయరు ద్వారా గానీ నేరుగా గానీ కాపీ అడగండి. ఇస్తారా లేదా అన్నది మీరున్న చోటి నియమాల్ని బట్టి ఉంటుంది, అడగడం మాత్రం రాతపూర్వకంగానే. ముందుగా అభిప్రాయం చదివి బాధపడకండి. మొదటి పేజీల్లో రాసిన వాస్తవాలు సరిచూడండి: తేదీలు, మందులు, గ్లాస్గో స్కోరు, ఏ రికార్డులు చూశామని రాశారు, మీతో మాట్లాడినట్టు రాశారా. రికార్డుల జాబితాలో ఎమర్జెన్సీ కాగితాలు లేకపోతే, డాక్టరు అవి చూడకుండానే అభిప్రాయం ఇచ్చినట్టు. వాటిని జతచేసి అదనపు రిపోర్టు ఇవ్వమని అడగొచ్చు, ఇస్తారు కూడా, నేనే చాలాసార్లు ఇచ్చాను, అభిప్రాయం మార్చిన సందర్భాలూ ఉన్నాయి.

ఉత్తరం ఇవాళే రాయండి. మీతో విడిగా మాట్లాడటం, ఇంట్లోవాళ్లకు ప్రశ్నపత్రం, పరీక్ష రెండు రోజులకి విడగొట్టడం, మూడూ ఒకే దాంట్లో అడగండి.

వానచినుకు:

రాస్తున్నానండీ. అమ్మ పుస్తకం నుంచి ఫొటోలు తీయడం అయిపోయింది. పంపే ముందు ఉత్తరం ఇక్కడ పెడతాను, పేర్లు తీసేసి. ఒకసారి చూసి చెప్పండి.